అట్టముక్కతో ఆటమీట

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి శిక్షణ తరగతులలో మనము సాధారణముగా మంచినీటి పథకములు, మురుగు కాలువలు, వీధి దీపములు, ఇంటిపన్ను వసూలు మొదలగు విషయములను ముచ్చటించుకొనుచుందుము. నేడు మేము వేరొక విషయమును మీ యెదుట ఉంచదలచినాము. వీడియో ఆటలు ఆడుటకు పిల్లలు చేతబట్టు కంట్రోలరును, చవుకగా దొరకు వస్తువులతో మన గ్రామములోనే తయారుచేయుట ఎట్లు? అది ఎవరికి అవసరము? అందు పంచాయతీ చేయవలసిన పని యేమి? ఈ మూడింటిని గూర్చియే నేటి ప్రసంగము.

పంచాయతీకి వీడియో ఆటలతో ఏమి పని అని మీలో కొందరు అనుకొనవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని మీ వార్డును ఒకసారి మనస్సులో తలచుకొనుడు. వీధిలోని పిల్లలు పదిమంది ఒక్క సెల్‌ఫోను చుట్టును చేరి ఆడుకొనుచుందురు. ఆ ప్రక్క ఇంటి అరుగుమీద గోడకు చేరగిలబడి, వారివైపే చూచుచు ఒక బాలిక కూర్చుండియుండును. ఆమె చేతివేళ్లు వంగవు. వంగినను తాను అనుకొన్న చోట నిలువవు. మాటయు స్పష్టముగా రాదు. "దానికి ఏమియు తెలియదు" అని ఇరుగుపొరుగువారు ఏనాడో తీర్పు చెప్పియుందురు. కొన్నాళ్లకు తల్లిదండ్రులును ఆ తీర్పునకు తలయొగ్గియుందురు. ఆ తీర్పు తప్పు కావచ్చునని ఒక అట్టముక్క, ఒక పాత మౌసు రుజువు చేయగలవు. అందువలననే ఈ విషయము పంచాయతీ విషయమని మేము భావించుచున్నాము.

మీట యనగా నేమి?

కంట్రోలరు అనగానే అదేదో బ్రహ్మవిద్య అని భయపడనక్కరలేదు. అందలి ప్రతి బొత్తాము క్రిందను విద్యుత్తును ప్రసరింపజేయు రెండు ముక్కలు ఉండును. బొత్తాము నొక్కినపుడు అవి కలియును, వదలినపుడు విడిపోవును. ఇంటి కాలింగు బెల్లు మీటకును దీనికిని సూత్రములో భేదము లేదు. ఆ ముక్కలు కలిసిన సంగతిని లోపలి చిన్న చిప్పు కనిపెట్టి, ఫలానా బొత్తాము నొక్కబడినదని కంప్యూటరునకు తెలుపును. ఆ రెండింటిని కలిపినది కర్మాగారములో పోతపోసిన ప్లాస్టిక్ బొత్తామా, లేక మన చేతులతో చేసిన అట్టముక్కయా అనునది కంప్యూటరునకు తెలియదు; తెలియవలసిన అవసరమును లేదు. ఈ ఒక్క సంగతి మనస్సున నాటుకొన్నచో తక్కినదంతయు చేతిపనియే.

నిజమునకు తొలినాటి ఆటమీటలు ఎవరికి వారు చేసికొన్నవే. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోతమ్ అను శాస్త్రజ్ఞుడు, సందర్శకుల వినోదమునకై చిన్న తెరమీద టెన్నిసు ఆటను చూపెను. ఆడువారి చేతికి ఆయన ఇచ్చినది త్రిప్పుడు మీట యొకటి, బొత్తాము ఒకటి గల చిన్న పెట్టె మాత్రమే. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు పి.డి.పి.-1 అను కంప్యూటరుమీద ఆడదగిన "స్పేస్‌వార్" అను ఆటను తయారుచేసిరి. ఆ ఆటను కంప్యూటరు ముఖపలకమీది స్విచ్చిలతోనే ఆడవలసివచ్చెను. ఆ స్విచ్చిలు అందుకు తగినవి కావు. ఆడువారికి మోచేతులు నొప్పిపెట్టినవి. అప్పుడు అలన్ కోటోక్, రాబర్ట్ సాండర్స్ అను ఇరువురు, రైలుబండి నమూనాలు చేయు తమ క్లబ్బులో దొరికిన విడిభాగములతో చేతిలో ఇమడు మీటల పెట్టెలను చేసిరి.

సభ్యులు ఇచట ఒక విషయము గమనింపవలెను. మోచేయి నొప్పిపెట్టినదని ఆ యువకులు ఆట మానలేదు, మోచేతిని నిందింపలేదు, మీటను మార్చిరి. శరీరమునకు తగినట్లు వస్తువు మారవలెనే గాని వస్తువునకు తగినట్లు శరీరము మారజాలదు. మన బాలిక విషయమునను న్యాయము ఇదియే.

ఎవరికొరకు?

బజారులో అమ్మెడి కంట్రోలరు రెండు చేతులు, చురుకైన పది వ్రేళ్లు గలవానిని దృష్టిలో ఉంచుకొని చేసినది. సెల్‌ఫోను తెరయు అంతే. మస్తిష్క పక్షవాతముతో పుట్టినవారికి, కండరముల క్షీణత గలవారికి, ప్రమాదములో చేయి కోల్పోయినవారికి అది మూసిన తలుపు వంటిది. ఈ సంగతిని పెద్ద సంస్థలు సైతము ఆలస్యముగనే గుర్తించినవి. మైక్రోసాఫ్ట్ సంస్థ 2018లో వికలాంగులకు అనువైన ఒక కంట్రోలరును విడుదల చేసినది. దానిపై అరచేయి యంత పెద్ద మీటలు రెండు కలవు. వెనుకవైపున ఇయర్‌ఫోను పిన్ను పట్టునట్టి 3.5 మిల్లీమీటర్ల రంధ్రములు 19 కలవు. ఎవరికి ఏ మీట అనువుగా నుండునో దానిని ఆ రంధ్రములలో తగిలించుకొనవచ్చును. విడుదలనాడు దాని వెల సుమారు 100 డాలర్లు. మన గ్రామములలోని కూలి కుటుంబమునకు అది అందుబాటులోనిది కాదు. కాని ఆ రంధ్రములలో తగిలించు మీట ఇంట చేసినదైనను పనిచేయును. కనుక ఖరీదైన భాగమును విడిచి, ఆ ఏర్పాటులోని కిటుకును మాత్రము మనము గ్రహింపవచ్చును.

ఆట పిల్లలకు దయతో పెట్టెడి చిరుతిండి కాదు. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణము ఆటను బాలల హక్కుగా చెప్పుచున్నది. 1992లో భారతదేశము ఆ ఒడంబడికను అంగీకరించినది. 2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. నలువది శాతమునకు తగ్గని వైకల్యము గల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచిత విద్య నొసగవలెనని అందు నిర్దేశింపబడినది. చట్టము కాగితముమీద నున్నది. అరుగుమీద కూర్చున్న బాలిక అరుగుమీదనే యున్నది. ఆ రెండింటి నడుమ దూరమును తగ్గింపవలసినవారిలో గ్రామ పంచాయతీయు ఒకటి.

తయారుచేయు విధము

ఇక పనిలోనికి వత్తము. కావలసిన వస్తువులు ఇవి: పుస్తకముల అట్ట లేక సరకుల పెట్టె అట్ట, వంటింట రొట్టెలు చుట్టు అల్యూమినియం ఫాయిలు, పలుచని స్పాంజి, పాత ఇయర్‌ఫోను తీగ లేక సన్నని వైరు రెండు బారలు, జిగురు, ఇన్సులేషను టేపు, తీగతో కంప్యూటరునకు తగిలించు పాత మౌసు ఒకటి. పాత మౌసు లభింపకున్నచో కొత్తది కొన్నను కొన్ని వందల రూపాయలకు మించదు. టంకము వేయు పనిముట్టు, మల్టీమీటరు ఊరిలోని సెల్‌ఫోను రిపేరు దుకాణములోనో, ఎలక్ట్రీషియను ఇంటనో ఉండనే యుండును.

మొదట మీట. అరచేయి యంత అట్టముక్కలు రెండు కత్తిరించి, ఒక్కొక్కదానికి ఒక వైపున ఫాయిలు అంటింపవలెను. జిగురు ఫాయిలు అడుగున మాత్రమే ఉండవలెను; పైకి అంటినచో విద్యుత్తు పారదు. ఒక్కొక్క ఫాయిలునకు ఒక్కొక్క తీగ కొనను, పైతొడుగు ఒలిచి, టేపుతో గట్టిగా అదుమవలెను. అదే కొలతకు స్పాంజి కత్తిరించి, దాని నడుమ పెద్ద రూపాయి బిళ్ల యంత రంధ్రము చేయవలెను. ఫాయిళ్లు రెండును ఎదురెదురుగా నుండునట్లు అట్టల నడుమ స్పాంజినుంచి, అంచులకు టేపు చుట్టవలెను. పైన నొక్కినపుడు స్పాంజి అణగి, రంధ్రములోనుండి రెండు ఫాయిళ్లును తాకును. వదలినపుడు స్పాంజి ఉబ్బి అవి విడిపోవును. మీట సిద్ధమైనది.

తరువాత మౌసు. దానిని కంప్యూటరునుండి తీసివేసి, అడుగుననున్న మర విప్పి తెరచినచో, ఎడమ బొత్తాము క్రింద మూడు కాళ్లు గల చిన్న స్విచ్చి కనబడును. ఆ మూడింటిలో, బొత్తాము నొక్కినపుడు మాత్రమే కలియు కాళ్లు ఏ రెండో మల్టీమీటరుతో తెలిసికొనవచ్చును. ఆ రెండు కాళ్లకు రెండు తీగలను టంకముతో అతికి, మౌసు ప్రక్కగా వెలుపలికి తీసి మరల మూయవలెను. మనము చేసిన అట్టమీట తీగలను వీనితో కలిపినచో, అట్టను నొక్కిన ప్రతిసారియు మౌసు క్లిక్కు పడును. కలుపుచోట 3.5 మిల్లీమీటర్ల పిన్ను, దానికి తగిన సాకెట్టు పెట్టుకొన్నచో, ఒకే మౌసునకు వేరువేరు పిల్లల మీటలను మార్చి మార్చి తగిలింపవచ్చును.

కంప్యూటరు లేని ఊరిలో నిరాశపడనక్కరలేదు. ఓ.టి.జి. అను చిన్న తీగ సహాయమున ఇట్టి మౌసును చాలవరకు ఆండ్రాయిడ్ ఫోనులకు తగిలింపవచ్చును. తెరమీద బాణపు గుర్తు కనబడును. ఆ గుర్తును ఆటలోని మీటపై నిలిపి, అది కదలకుండ మౌసు అడుగునుండు వెలుతురు రంధ్రమునకు నల్లని టేపు అంటింపవలెను. అటుపిమ్మట అట్టను నొక్కుటయే పని. ఒక్క నొక్కుతో ఆడదగిన ఆటలు, అనగా ఎగురుట, దూకుట, సమయము చూచి కొట్టుట వంటివి, అనేకము కలవు. మసాచుసెట్స్ సంస్థవారు 2007లో లోకమునకు ఉచితముగా అందించిన "స్క్రాచ్" అను సాధనముతో హైస్కూలు పిల్లలు స్వయముగా అట్టి ఆటను కల్పింపవచ్చును. తోటి విద్యార్థిని ఆడింపగోరి ఆటను తయారుచేసిన బాలుడు నేర్చుకొను పాఠము ఏ పుస్తకములోను దొరకదు.

ఒక్క మీట చాలని ఆటలకు వేరొక మార్గము కలదు. మేకీ మేకీ అను చిన్న పలకను జే సిల్వర్, ఎరిక్ రోజెన్‌బామ్ అనువారు 2012లో ప్రజల ముందుకు తెచ్చిరి. ఫాయిలు, తడి మట్టి, అరటిపండు, పెన్సిలుతో దట్టముగా గీసిన గీత, ఏది తాకినను అది కీబోర్డు మీట నొక్కినట్లు కంప్యూటరునకు తెలుపును. మన శరీరముగుండ ప్రవహించు అత్యల్ప విద్యుత్తును సైతము అది కనిపెట్టుటయే అందలి రహస్యము. ఆర్డ్వినో లియోనార్డో తరగతికి చెందిన పలకలును కీబోర్డువలె నటింపగలవు. కొంత నేర్పు గల యువకులు వానితో నాలుగైదు మీటల కంట్రోలరును చేయగలరు. అయినను, మొదట ఒక్క మీటతో ఆరంభించుట మేలు.

మీట ఎచట నుండవలెను?

తయారుచేయుటకంటె కష్టమైన పని ఇది. ఆ పిల్ల ఏ అవయవమును తన ఇష్టప్రకారము కదపగలదో ఓపికతో గమనింపవలెను. అది చేయి కానవసరము లేదు. మోచేయి, మోకాలు, మడమ, తల ప్రక్క, ఏదైనను కావచ్చును. ముందు పిల్ల ఒరిగిపోకుండ స్థిరముగా కూర్చుండునట్లు చూచి, ఆ తరువాతనే మీటను అమర్చవలెను. బలహీనమైన చేతికి పలుచని స్పాంజి, పెద్ద రంధ్రము ఉండవలెను. తనకు తెలియకుండ చేయి ఎగిరిపడు పిల్లలకు మందమైన స్పాంజి, చిన్న రంధ్రము మేలు. లేకున్నచో అక్కరలేని నొక్కులు పడును. చూపు మందమైనచో అట్టకు ముదురు పసుపు రంగు కాగితమో, గరుకు గుడ్డయో అంటింపవచ్చును.

పిల్ల నొక్కుటకు ఎంత సేపు పట్టునో అంత సేపు వేచియుండుడు. పెద్దలు చేయు పొరపాటు తొందర. పిల్ల చేయి పట్టి తామే నొక్కించి, తెరమీద బొమ్మ ఎగిరినదని చప్పట్లు కొట్టుదురు. అది పిల్ల ఆట కాదు, పెద్దల ఆట. తానై నొక్కి, తన నొక్కువలన బొమ్మ ఎగిరినదని గ్రహించిన క్షణమున ఆ పిల్ల ముఖమును తల్లి చూడవలెను. తీర్పు మారుట అచటనే మొదలగును.

ఆటనుండి మాటకు

ఈ మీట ఆటతో ఆగదు. తెరమీద "నీళ్లు", "ఆకలి", "నొప్పి", "బయటికి" అను బొమ్మలు నాలుగు ఉన్నవనుకొనుడు. వెలుగు ఒకదాని తరువాత ఒకదానిమీదికి తనంతట తానే జరుగుచుండును. కావలసిన బొమ్మమీదికి వెలుగు వచ్చినపుడు పిల్ల మీట నొక్కును. ఒక్క నొక్కుతో ఒక మాట పలికినట్లే. ఆండ్రాయిడ్ ఫోనులలో "స్విచ్ యాక్సెస్" అను ఏర్పాటు ఈ పద్ధతిమీదనే పనిచేయుచున్నది. అందుకు మౌసునకు బదులు కీబోర్డు మీటగా పనిచేయు పలక కావలెను. 2018లో దివంగతుడైన భౌతిక శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్, చేతులలో సత్తువ సన్నగిల్లిన పిమ్మట, చెంప కండరపు చిన్న కదలికతో కంప్యూటరును నడిపి, తన భావములను లోకమునకు తెలియజేసెను. సమయము చూచి నొక్కుట, నొక్కి వదలుట, తన వంతు వచ్చువరకు ఆగుట—ఇవన్నియు పిల్ల ఆటలోనే నేర్చును. ఆట ఇచట బడికి మొదటి మెట్టు.

"పిల్లలు ఫోనులకు బానిసలగుచున్నారే, మీరు ఇంకను మప్పుచున్నారా?" అని గ్రామసభలో ఎవరైన అడుగవచ్చును. ఆ ఆందోళనను కొట్టివేయరాదు. ఆటకు వేళ ఉండవలెను. ప్రక్కన పెద్దలు ఉండవలెను. డబ్బు పణముగా పెట్టు ఆటలను దరికి రానీయరాదు. కాని గంటల తరబడి ఒంటరిగా ఫోను చూచు పిల్లవాని విషయము వేరు. ఏండ్ల తరబడి ఆటకు వెలియైన పిల్ల విషయము వేరు. మొదటివానిని తగ్గింపుమని చెప్పుదము. రెండవ ఆమెను రమ్మని పిలుతము.

జాగ్రత్తలు

ఈ మీటలకు కంప్యూటరు లేక ఫోను ఇచ్చు 5 వోల్టుల విద్యుత్తు చాలును. ఇంటి 230 వోల్టుల విద్యుత్తును ఏ పరిస్థితిలోను వీని దరికి తేరాదు. పిల్ల ఆడుచున్నంత సేపు ఫోనును గాని, ల్యాప్‌టాప్‌ను గాని ఛార్జింగునకు పెట్టరాదు; నాసి ఛార్జరు నుండి షాకు తగులు ప్రమాదము కలదు. టంకము పని పెద్దలే, గాలి వచ్చు చోట చేసి, చేతులు కడుగుకొనవలెను. ఫాయిలు అంచులు చర్మమునకు తగులకుండ టేపు చుట్టవలెను. తీగలు మెడకు చుట్టుకొనకుండ బల్లకు కట్టివేయవలెను. నోటిలో వస్తువులు పెట్టుకొను పిల్లలకు స్పాంజి, ఫాయిలు అందకుండ మీటకు గుడ్డ సంచి తొడుగవలెను. మూర్ఛ వచ్చు పిల్లలకు తళతళ మెరయు ఆటలు చూపరాదు. ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

పంచాయతీ చేయదగిన పని

1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలును చేర్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు అందు పేర్కొనబడినవి. విద్య, సాంకేతిక శిక్షణ, గ్రంథాలయములు, వికలాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము వానిలో నున్నవి. కనుక ఈ పని మన పరిధిలోనిదే. దీనికి పెద్ద పద్దు అవసరము లేదు. ఐదు పనులు చేసిన చాలును.

ఒకటి: ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులో ఇల్లిల్లు తిరిగి, ఆటకు రాని పిల్లలు ఎవరో తెలిసికొనవలెను. బడిలో పేరు నమోదైయుండి ఇంటనే యున్న పిల్లలను గూడ లెక్కింపవలెను.

రెండు: బడిలోనో, గ్రంథాలయములోనో ఒక బల్ల, ఒక అలమర కేటాయించి, ఊరిలోని పాత మౌసులను, కీబోర్డులను, ఇయర్‌ఫోను తీగలను అచట చేర్చవలెను. చెత్తకుప్పకు పోవలసిన సామగ్రి పిల్లలకు పనికివచ్చును.

మూడు: ఊరి ఎలక్ట్రీషియనును, ఫోను రిపేరు చేయువారిని, ఐ.టి.ఐ. చదివిన యువకులను, హైస్కూలు సైన్సు ఉపాధ్యాయుని పిలిచి, నెలకొక ఆదివారము ఉదయము ఈ పనికి కూర్చుండబెట్టవలెను. కుట్టుపని తెలిసిన స్వయం సహాయక సంఘపు సోదరీమణులు మీటలకు తొడుగులు, దిండ్లు కుట్టగలరు.

నాలుగు: సమగ్ర శిక్ష క్రింద నడచు భవిత కేంద్రముల ప్రత్యేకోపాధ్యాయులను సంప్రదింపవలెను. పిల్లను ఎట్లు కూర్చుండబెట్టవలెనో, ఏ అవయవముతో నొక్కింపవలెనో వారు, ఫిజియోథెరపిస్టులు చెప్పగలరు. మన ఉత్సాహము వారి అనుభవమునకు లోబడియుండవలెను.

ఐదు: ఇచ్చి మరచిపోరాదు. అట్ట నలుగును, ఫాయిలు చిరుగును, పిల్ల పెరుగును. మూడు నెలలకొకసారి మీటను చూచి, బాగుచేసి, అవసరమైనచో కొత్తది చేయవలెను. చవుక వస్తువులో ఉన్న లాభము కూడ ఇదియే: పాడైనదని విచారింపక మరల చేయవచ్చును.

మేము మీ నుండి నివేదికలను, ఛాయాచిత్రములను కోరుటలేదు. మీట ఇచ్చు కార్యక్రమమునకు వేదిక, పూలదండలు అక్కరలేదు. పిల్లను పదిమంది యెదుట నిలిపి జాలి చూపుట ఆమెకు మరియొక శిక్ష. వీధి పిల్లలు పదిమంది ఆడుచున్నచోట ఆమెయు పదునొకండవదిగా చేరి, ఒక ఆట ఓడి, ఒక ఆట గెలిచి, తన వంతుకై తగవులాడిననాడు మన పని నెరవేరినట్లు.

సభ్యులు తమ గ్రామములకు తిరిగిపోయిన పిమ్మట, వచ్చు గ్రామసభ కార్యక్రమ పత్రములో వీధి దీపముల ప్రక్కన ఈ అంశమును కూడ చేర్చవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాము.